ఎనిమిది ఎర్ర చుక్కలు

రోజూ కుంచెతో దుమ్ము దులిపేదాన్ని. బళ్ళో బొమ్మలకు రంగులు వేసుకునేలాంటి సన్న కుంచె. బావ లాప్‌టాప్‌ను మెత్తటి తువ్వాలు మీద బోర్లించి, వెనక మూతలో గాలి పోవడానికున్న చీలికలు ఒక్కొక్కదాంట్లో కుంచె ఆడించి, పొడిగుడ్డతో తుడిచి తిరిగి బల్ల మీద పెట్టాలి. బావ ఫీజు కట్టే కంప్యూటర్ క్లాసు కోసం అక్క ఇంట్లో ఉంటున్న నాకు అప్పగించిన పనులన్నిటిలోకీ తేలికైనదీ అదే, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాల్సిందీ అదే.

"ఏనుగుకి స్నానం అయిందా?" లోపలి గదిలోంచి బావ అడిగేవాడు.

"అయింది బావా."

"చెవులు తుడిచావా?"

"తుడిచాను."

ఏనుగు అని ఊరికే అనలేదు. రెండు చేతులతో ఎత్తాల్సిన బరువు. ఏదో పెద్ద ఆఫీసులో ఏళ్ళ తరబడి వాడి పక్కన పెడితే బావ కొనుక్కున్నాడు. ఇంకా పునాది కూడా తవ్వని భవనాలకు అందులో బొమ్మలు తయారుచేస్తాడు. కిటికీలోంచి పడే ఎండ, మెట్ల మీద నీడ, బాల్కనీలో కదిలే మొక్క, అన్నీ తెర మీద ముందే కనబడతాయి. ఆ వేసవిలో ఒక బిల్డరు అరవై ఫ్లాట్ల భవనాన్ని లోపలా బయటా తిరిగి చూసినట్టుండే సినిమాగా చేసిమ్మన్నాడు. వానలు పడేలోపు ఇస్తే ఇకమీదట తన పనులన్నీ బావకేనన్నాడు. ఏనుగులో బొమ్మలను నడిపించే పాత గ్రాఫిక్స్ కార్డు ఆ భవనంలో రెండో అంతస్తు కూడా ఎక్కలేకపోయింది.

మామూలు లాప్‌టాప్‌లలో ఆ కార్డు బోర్డుకే అతికించి ఉంటుందట. ఏనుగులో మాత్రం అరచేయంత పలకలా విడిగా ఉంటుంది. విప్పి ఇంకా గట్టిది పెట్టుకోవచ్చు. ఈ సంగతి చెప్పింది మా అన్నయ్య. అక్కకు తమ్ముడు, నాకు అన్న. లాప్‌టాప్‌లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. వేసవి అయ్యాక వాళ్ళ ఓనరు రెండో షాపు తెరుస్తాడనీ, అందులో తననే కూర్చోబెడతానన్నాడనీ అన్నయ్య అప్పటికే రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పబోతే అక్క, "కూర్చున్నాక చెప్పరా, స్వీట్లు తెస్తూ చెప్పు," అంది.

ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం అన్నయ్య కార్డు పట్టుకొచ్చాడు.

"డాక్టరుగారొచ్చారు. రోగిని పడుకోబెట్టమ్మాయ్," అన్నాడు బావ నాతో.

అన్నయ్య ఒక తెల్లకాగితం మీద ఏనుగు వీపు ఆకారం గీసుకున్నాడు. విప్పిన స్క్రూ విప్పినట్టు దాని చోటులో గుచ్చి పెట్టాడు. బావ తన ఫోన్లో అదంతా వీడియో తీస్తూ కూర్చున్నాడు. ఎందుకని ఎవరూ అడగకుండానే, "నేర్చుకుందామని," అన్నాడు.

"నేర్చుకుని నా పొట్ట కొట్టకండి బావా," అని అన్నయ్య నవ్వాడు.

మూత తీసి, కార్డు మీద పరుచుకున్న రాగి గొట్టాలు విప్పబోతుండగా బావ ఫోను మోగింది. బిల్డరు. బావ లేచి వరండాలోకి వెళ్ళాడు. ఆయన మాట్లాడినంతసేపూ అన్నయ్య పని ఆపలేదు. నేను అన్నయ్య టార్చి పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

"ఇలా చూడు," అన్నాడు నాతో. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన గొంతే. "ఈ నల్ల చిప్ ఉంది చూశావా, వేడంతా దీనిది. ఆ వేడిని పట్టుకెళ్ళేది ఈ రాగి. రెంటికీ మధ్య గాలి చొరబడితే వేడి ఎక్కడికీ పోదు. అందుకే ఈ పేస్టు." బియ్యపుగింజంత బూడిదరంగు పేస్టు చిప్ మీద పెట్టాడు. చుట్టూ ఉన్న చిన్న చిప్‌ల మీద మెత్తటి ముక్కలు పేర్చాడు. "ఒకసారి రాగి పైకి లేపామంటే ఇది పనికిరాదు. తుడిచి మళ్ళీ కొత్తది పెట్టాల్సిందే."

బావ తిరిగొచ్చేసరికి రాగి గొట్టాలు కొత్త కార్డు మీద బిగించి ఉన్నాయి. మళ్ళీ వీడియో మొదలుపెట్టాడు.

మూత బిగించాక అన్నయ్య సంచిలోంచి గోళ్ళరంగు సీసా తీశాడు. ఎనిమిది స్క్రూల తలల మీదా, సగం స్క్రూ మీదికీ సగం మూత మీదికీ పడేలా ఆవగింజంత ఎర్ర చుక్క పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏంట్రా, ఏనుగుకి పెళ్ళి చేస్తున్నావా?" అంది అక్క.

"షాపులో అయితే కాగితం సీలు అంటిస్తాం. ఇళ్ళకెళ్ళి చేసే పనికి ఇదే నా సీలు. ఈ చుక్క పగలకుండా ఉన్నన్నాళ్ళూ పూచీ నాది."

"పాత కార్డేదీ?" అన్నాడు బావ.

"షాపులో ఉంచుతాను బావా. అక్కడ దానికి సరైన కవరుంటుంది. కొత్తది మొండికేస్తే మళ్ళీ అదే పెట్టాలిగా."

"సరే."

సరే అన్నాడు గానీ, సంచి జిప్పు చివరిదాకా వెళ్ళేంతవరకు బావ చూపు దాని మీదే ఉంది.

పది రోజులు ఏనుగు గుర్రంలా పరిగెత్తింది. భవనం లిఫ్టు ఎక్కింది, పై అంతస్తు చేరింది, టెర్రస్ మీద బట్టలు కూడా ఆరాయి. బావ భోజనాల దగ్గర కూని రాగాలు తీశాడు. తర్వాత ఒక సాయంత్రం ఆయన స్నేహితుడెవరో ఫోన్ చేశాడు. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఫోను గొంతు గదంతా వినబడుతోంది.

"తెర మీద కనిపించే పేరు నమ్మకు. చిన్న కార్డుకి పెద్ద కార్డు పేరు ఎక్కించి అంటగడుతున్నారు. చిప్ మీద అచ్చేసి ఉంటుంది, అది చూసుకున్నావా?"

"చూడలేదు. మా ఇంటివాడే కదా పెట్టింది."

"ఇంటివాడైతే మరీ తేలిక."

ఆ రాత్రి బావ కూని రాగాలు తియ్యలేదు. మర్నాడు నేను కుంచె పట్టుకుని కూర్చుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ కార్డు ఎక్కడ దొరికిందో మీ అన్న నీకేమైనా చెప్పాడా?"

"లేదు బావా."

"నీకు చెప్పకుండా ఉంటాడా?"

నేను చీలికల్లో లేని దుమ్మును దులిపాను.

ఆ వారమే అమ్మకు ఒంట్లో బాగోలేదంటే నేను ఊరెళ్ళి నాలుగు రోజులున్నాను. తిరిగొచ్చిన సాయంత్రం పక్కింటావిడ మెట్ల దగ్గర ఆపి, "శనివారం మీ అన్నయ్య వచ్చాడమ్మాయ్. ఇంట్లో ఎవరూ లేరంటే నేనే తాళం ఇచ్చాను. ఇట్టే వచ్చి అట్టే వెళ్ళాడు," అంది.

మర్నాడు పొద్దున ఏనుగును బోర్లించాను. కుంచె ఆడిస్తూ ఆగిపోయాను. చుక్కలు ఎనిమిదీ ఉన్నాయి. కానీ అవి ఆ చుక్కలు కావు. అన్నయ్య పెట్టినవి మిరపపండు ఎరుపు. ఇవి ఇటుకరంగు. ఒకటి అంచు దాటి సాగింది. ఒకదాని కింద నుంచి పాత ఎరుపు పగిలిన పెంకులా కనబడుతోంది.

రోజూ చూసే కళ్ళకు తప్ప తెలియదు. నాకు తెలిసింది. మూత ఎవరో విప్పారు, విప్పి మళ్ళీ చుక్కలు పెట్టారు. ఆ ఇంటికి వచ్చిపోయేవాళ్ళలో స్క్రూలు విప్పడం తెలిసినవాడు ఒక్కడే. శనివారం తాళం తీసుకుని వచ్చినవాడూ ఒక్కడే.

గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాను.

"అయిందా స్నానం?" అన్నాడు బావ. ఆ రోజు చెవుల సంగతి అడగలేదు.

"అయింది బావా."

ఆ మధ్యాహ్నమే మొదటిసారి ఏనుగు ఆరిపోయింది. లోపలి ఫ్యాన్లు పిండిమరలా అరిచి, తెర నల్లబడి, మరి లేవలేదు. చల్లారాక లేచింది. బావ తెర మూలన వేడి అంకె కనబడేలా పెట్టుకున్నాడు. భవనంలోకి అడుగు పెట్టగానే అది తొంభై దాటేది. తొంభై ఆరు, తొంభై ఏడు, మళ్ళీ చీకటి. బల్లఫ్యాను తెచ్చి ఏనుగుకి పెట్టి మేము చెమటలు కక్కుతూ పడుకున్నాం. కింద రెండు చెక్కముక్కలు ఎత్తు పెట్టాం. బిల్డరు రోజు విడిచి రోజు ఫోన్ చేసేవాడు.

బావ అన్నయ్యకు ఫోన్ చేశాడు. "ఏం డాక్టరూ, నువ్వు పెట్టింది కార్డేనా, కుంపటా?"

"షాపుకి తీసుకురండి బావా. గంటలో చూసేస్తాను."

"అక్కడికి తెస్తే ఉన్నది కూడా మార్చేస్తావేమో." బావ నవ్వుతూనే అన్నాడు.

"ఓనరు కొత్త షాపు పని మీద తిరుగుతున్నాడు. రిపేరు బెంచీ దగ్గర నేనొక్కణ్ణే. వీలు చూసుకుని నేనే వస్తాను," అన్నాడు అన్నయ్య.

ఆ వీలు మూడు వారాలకు గాని చిక్కలేదు. ఇంకో మెకానిక్‌కు చూపిద్దామని అక్క అంటే బావ ఒప్పుకోలేదు. "ఇంకొకడు చెయ్యి పెట్టాడంటే నీ తమ్ముడు పూచీ లేదంటాడు. ఆ చుక్కలు పెట్టిందే అందుకు."

"వాడలాంటివాడు కాదు."

"నేనేమన్నాను? పాత కార్డు ఏదీ అని అడిగాను. అంతేగా."

అక్క కంచాలు కొంచెం గట్టిగా పెట్టింది.

నేను చూసింది చెప్పలేదు. చుక్కలు మారాయని చెబితే అన్నయ్య పని అయిపోతుంది. ఆ మూడు వారాలూ నేను అన్నయ్యను మనసులో విప్పుతూ, బిగిస్తూ గడిపాను. చిన్నప్పుడు నాన్న రేడియోను అన్నయ్య విప్పి ఒక స్క్రూ మిగిలితే జేబులో దాచుకున్నాడు. నా జామెట్రీ బాక్సు మూత విరగ్గొట్టి, నేను కాదన్నాడు. అన్నయ్య కొత్త ఫోను కొన్నాడని అక్క చెప్పినప్పుడు డబ్బెక్కడిదని లెక్కలు వేశాను. ఆగలేక ఒక రోజు ఫోన్ చేశాను.

"ఆ శనివారం ఇంటికెందుకొచ్చావు అన్నయ్యా?"

"టార్చి మర్చిపోయాను. కిటికీలో ఉంటే తీసుకెళ్ళాను. ఏం?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ అడగవే."

ఫోను పెట్టేశాక కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. టార్చి లేదు. ముందు ఉందో లేదో గుర్తు లేదు. అన్నీ చూసేదాన్ని, ఆ కిటికీ మాత్రం చూడలేదు.

తర్వాతి శుక్రవారం అక్క అద్దం దగ్గర నుంచి కేకేసింది. అక్క ఒక ఆస్పత్రిలో రిజిస్టర్లు రాసేది. ఆ రోజు సెలవు.

"నా కొత్త నెయిల్ పాలిష్ ఎవరు తెరిచారే? మూత బిగించకుండా పడేశారు, సగం గడ్డకట్టింది. నువ్వేనా?"

"నా గోళ్ళు ఎప్పుడైనా రంగు చూశాయా అక్కా?"

"మరి మీ బావ పెట్టుకున్నారా?" అని తనే నవ్వి, సీసా నా చేతిలో పెట్టి స్నానానికి వెళ్ళింది. "వేడినీళ్ళలో పెడితే కరుగుతుందేమో చూడు."

ఇటుకరంగు.

నేను దాన్ని నీళ్ళలో పెట్టలేదు. ముందు గదిలోకి వెళ్ళి, ఏనుగును బోర్లించి, సీసాను చుక్క పక్కన పెట్టి చూశాను. ఒకటే రంగు. సీసా మూతలో కుంచె చుట్టూ రంగు చిన్న ఉండలా ఎండింది. సాగిన చుక్కలో అలాంటి ఉండ ఉంది.

"ఏం చూస్తున్నావ్?" బావ గుమ్మంలో ఉన్నాడు.

"దుమ్ము బావా."

ఆయన నా పిడికిలి వైపు చూశాడు. సీసా చుట్టూ పిడికిలి ముయ్యడం ఆలస్యమైంది.

"అక్క వస్తువులు ముట్టుకోకు," అన్నాడు మెల్లగా. రెండడుగులు వేసి ఆగి, "వచ్చే నెల కూడా కంప్యూటర్ క్లాసుకి వెళ్తావుగా నువ్వు?" అన్నాడు.

"వెళ్తాను బావా."

"వెళ్ళు. చదువు మానకూడదు."

కోపంగా అని ఉంటే అంత భయపడేదాన్ని కాదు. సీసా తీసుకెళ్ళి అద్దం దగ్గర, ఉన్నచోటే పెట్టాను.

అన్నయ్య వస్తానన్న ఆదివారం పొద్దున నేను టీ పెడుతున్నాను. బావ వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"మీ బెంచీ దగ్గర కూర్చునే అబ్బాయి సంగతండీ. నాకు బావమరిదే, అందుకే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇంటి పనుల్లో కార్డులు మారుస్తున్నాడేమో కనుక్కోండి. పాతది తీసుకెళ్ళాడు, ఈ రోజుకీ తిరిగివ్వలేదు... అదేనండీ, కొత్త షాపు తాళాలు ఇచ్చేముందు ఆలోచించుకోండి."

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఇప్పుడు ఆ కొత్త షాపులో కూర్చుంటున్నది అన్నయ్య కాదు, ఇంకెవరో.

మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. చెప్పులు విడుస్తూనే, "మా ఓనరు ఫోన్ చేశాడు," అన్నాడు. సంచి దించి కింద కూర్చున్నాడు. నేను తువ్వాలు పరిచి ఏనుగును బోర్లించాను.

అన్నయ్య చుక్కల వైపు చూశాడు. టార్చి వేసి మళ్ళీ చూశాడు. కిటికీలో మర్చిపోయిన టార్చి అదే.

"ఎవరైనా విప్పారా బావా?"

"ఎవరు విప్పుతారు? నీ ముద్ర ఉందిగా."

అన్నయ్య సంచిలోంచి తన సీసా తీసి బల్ల మీద పెట్టాడు. స్క్రూలు విప్పాడు. మూత తీశాడు. రాగి గొట్టాలు విప్పి పైకి లేపాడు. చిప్ అద్దంలా మెరుస్తోంది. దాని మీద అక్షరాలు పలక మీద రాసినట్టు ఉన్నాయి. అంచుల్లో గుడ్డతో తుడిచిన గీతలు. పక్కన మెత్తటి ముక్క ఒకటి మడతపడి ఉంది.

"రండి, పేరు చదవండి బావా."

బావ రాలేదు. అన్నయ్యే చదివాడు, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె. తెస్తానని చెప్పిన కార్డే.

"ఈ అచ్చు కనబడాలంటే పేస్టు తుడవాలి. నేను పెట్టింది ఎవరో శుభ్రంగా తుడిచి, మళ్ళీ పెట్టకుండా మూసేశారు. మూడు వారాలు ఇది ఉత్త గాలి మీద నడిచింది. కాలిపోకపోవడం మన అదృష్టం."

"ఎండలకి ఎండిపోయి ఉంటుంది," అన్నాడు బావ.

నేను లేచాను. అద్దం దగ్గరికి వెళ్ళి, అక్క సీసా తెచ్చి, అన్నయ్య సీసా పక్కన పెట్టాను. చిన్న చప్పుడైంది. నా క్లాసు, నా మంచం, ఈ ఇల్లు, అన్నీ ఆ చప్పుడులో ఉన్నట్టు అనిపించింది.

అక్క వంగి సీసాలు చూసింది. విప్పిన స్క్రూల మీది చుక్కలు చూసింది. తర్వాత బావను చూసింది.

"ఏవండీ," అంది. అంతే అంది.

బల్లఫ్యాను ఒకసారి అటు తిరిగి, ఇటు తిరిగింది.

"వీడియోలో ఆ పేస్టు పెట్టే భాగం లేదు," అన్నాడు బావ చివరికి. "మధ్యలో బిల్డరు ఫోన్ చేశాడుగా."

అన్నయ్య తల ఊపాడు. అది క్షమించడమూ కాదు, తిట్టడమూ కాదు. ఏ భాగం చెడిందో తెలిశాక బెంచీ దగ్గర ఊపే తల ఊపుడు. చిప్ తుడిచాడు. బియ్యపుగింజంత పేస్టు పెట్టాడు. మడతపడ్డ ముక్క తీసేసి కొత్తది వేశాడు. రాగి గొట్టాలను మూల నుంచి మూలకు కొంచెం కొంచెంగా బిగించాడు. మూత పెట్టకముందే భవనం నడిపించి చూశాడు. మెట్లెక్కాం, లిఫ్టెక్కాం, అరవై ఫ్లాట్ల కిటికీల్లోనూ ఎండ పడింది. అంకె అరవై ఎనిమిది దగ్గర నిలబడింది.

"మీ ఓనరుతో నేను మాట్లాడతాన్లే," అన్నాడు బావ. ఫోను చేతిలోనే ఉంది. నొక్కలేదు.

అన్నయ్య మూత బిగిస్తూ నా వైపు తిరిగాడు.

"రోజూ తుడిచేది నువ్వేగా. చుక్కలు మారాయని ఎప్పుడు చూశావు?"

అబద్ధం చెప్పవచ్చు. నిన్ననే అనవచ్చు.

"ఊరి నుంచి వచ్చిన మర్నాడు."

స్క్రూడ్రైవరు ఆగింది.

"అందుకేనా శనివారం సంగతి అడిగావు?"

నేను తర్వాతి స్క్రూ అందించాను. స్క్రూడ్రైవరు మళ్ళీ తిరిగింది. ఎనిమిదోది బిగిసింది. నేను బల్ల మీది ఎర్ర సీసా తీసి, మూత వదులుచేసి అన్నయ్యకు అందించాను. అన్నయ్య దాన్ని తీసుకున్నాడు. మూత గట్టిగా బిగించి సంచిలో వేసుకున్నాడు. అదే సంచిలోంచి వెండిరంగు కవరు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. లోపల పాత కార్డు. కవరు మీద బావ పేరు, తీసిన తేదీ అన్నయ్య చేతిరాతతో ఉన్నాయి.

"టీ తాగి వెళ్ళరా," అంది అక్క.

నేను లోపలికి పరిగెత్తి గ్లాసు తెచ్చేసరికి అన్నయ్య గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడి గ్లాసు చాపాను. అన్నయ్య నన్ను చూశాడు, గ్లాసును చూశాడు. సంచి భుజం మార్చుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వెనక తువ్వాలు మీద ఏనుగు ఇంకా బోర్లా ఉంది. ఎనిమిది స్క్రూల తలలూ వట్టివిగా మెరుస్తున్నాయి.